మన డ్రమ్ము

వీసా ఆఫీసరు లిఫ్టులో చనిపోయాడు. ఆ సంగతి తెలియక లిఫ్టు చాలాసేపు పైకీ కిందికీ తిరిగింది. తలుపు తెరుచుకున్న ప్రతి అంతస్తులోనూ జనం లోపలికి తొంగిచూసి, ఎవరో ఫుట్‌బాల్ అభిమాని తాగి కూలబడ్డాడనుకుని మెట్లదారి పట్టారు. వాళ్ళను తప్పు పట్టడానికి లేదు. అతని మెడకు పసుపు, నీలం చారల మఫ్లరు ఉంది. టోర్నమెంటు వీసాల కోసం ఆ రంగులు వేసుకుని వచ్చేవాళ్ళతో ఆ భవనం వారం రోజులుగా కిటకిటలాడుతోంది. మఫ్లరు ఎందుకంత బిగుతుగా ఉందా అని ఎవరికో అనుమానం వచ్చేసరికి, అతని కుర్చీలో మరొకరు కూర్చుని కంప్యూటరులో చెరపవలసినవన్నీ చెరిపేసి వెళ్ళిపోయారు.

"కూర్చో గోలీ" అన్నాడు పెద్దాయన.

ఆ గూఢచారి డిపార్ట్‌మెంటులో అందరూ అతన్ని గోలీ అనే పిలుస్తారు. కాలేజీ టీములో గోల్‌కీపరు. పెనాల్టీ కొట్టేవాడి బూటు బంతికి తగిలేదాకా కదిలేవాడు కాదు. చూసేవాళ్ళకు ప్రాణం గొంతులోకి వచ్చేది. ఏజెంటయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. ఇంట్లో భార్యకు మాత్రం అతను తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. కూరగాయల బండివాడు తూకంలో కొట్టేసినప్పుడల్లా ఆవిడ భర్తను ఎగాదిగా చూస్తుంది.

పెద్దాయన బ్రీఫింగు ఎప్పటిలాగే పొడిగా సాగింది. టోర్నమెంటు మొదటి మ్యాచికి మన విదేశాంగ మంత్రి వెళ్తున్నాడు. ఆట ముగిశాక, సరిహద్దు అవతలి దేశం మంత్రితో కలిసి అక్కడే ఒప్పందం మీద సంతకం చేస్తాడు. ఆ సంతకం పడకూడదని ఒక విదేశీ ముఠా కంకణం కట్టుకుంది. ముఠా నాయకుణ్ణి 'కోచ్' అంటారు. గ్యాలరీలో మంత్రికి దగ్గరగా కూర్చోబోయే అభిమానుల గుంపులో వాళ్ళ హంతకుడొకడు చేరాడు. మధ్యాహ్నం వెళ్ళే ప్రత్యేక విమానంలో, ఒక నిజమైన అభిమాని పేరు మీద, అతని వీసా మీద, వెళ్ళబోతున్నాడు.

"ఆ అభిమాని?" అడిగాడు గోలీ.

"వాళ్ళ చేతుల్లో ఉన్నాడు. ఇప్పటికి బతికే ఉంటాడు."

కారణం వీసా పద్ధతిలోనే ఉంది. ఈ టోర్నమెంటుకు కాగితం మీద స్టాంపు లేదు, ఫోనులో ఫ్యాన్ పాస్ ఇస్తారు. విమానం నేల విడిచేదాకా ఏ క్షణంలోనైనా వీసా ఆఫీసు నుంచి అభిమాని నంబరుకు ఫోను రావచ్చు. అతను సొంత గొంతుతో జవాబు చెప్పాలి. గొంతు సరిపోకపోతే పాస్ రద్దు. కాబట్టి పాస్ నకలు హంతకుడి దగ్గర ఉన్నా, ఆ అభిమాని ఫోనూ గొంతూ ముఠాకు విమానం ఎగిరేవరకు కావాలి. ఎగిరాక అక్కర్లేదు.

"ఎవరి బదులు వెళ్తున్నాడో నెమలికి తెలియాలి" అన్నాడు పెద్దాయన. "కానీ చచ్చినవాడి మఫ్లరు నిండా ఆవిడ సెంటు వాసనే. ముందు ఆ నెమలి మనదో, వాళ్ళదో తేల్చు."

నెమలి అంటే అభిమానులకు టికెట్టు, వీసా, హోటలు కలిపి ఏర్పాటు చేసే టూర్స్ కంపెనీ మేనేజరు. కోచ్‌కు కుడిభుజం. మన డిపార్ట్‌మెంటుకు రహస్యంగా సమాచారం ఇచ్చేది కూడా ఆమే. రెండు పడవల్లో కాళ్ళు పెట్టిన మనిషి ఏ పడవలో దిగుతుందో దిగేదాకా ఎవరికి తెలుస్తుంది?

సామాన్ల విభాగంవాళ్ళు గోలీకి నెరిసిన విగ్గు, మీసం అతికించారు. చివరగా ఒక రబ్బరు స్టాంపు చేతిలో పెట్టారు. 'తిరస్కరించడమైనది' అన్న అక్షరాల మధ్య కంటికి కనబడని సూది. గట్టిగా నొక్కితే, ఎంత పోట్లగిత్తలాంటివాడైనా పూట పాటు నిద్రపోతాడు.

"జాగ్రత్త, బొటనవేలు కింద పెట్టకండి. కిందటిసారి నేను రెండు మీటింగులు పోగొట్టుకున్నాను" అన్నాడు ఆ విభాగం మనిషి.

*

చనిపోయినవాడి కుర్చీలో గోలీ కొత్త వీసా ఆఫీసరుగా కూర్చున్నాడు. బల్ల మీద టీ కప్పు అలాగే ఉంది. మీగడ ఎండి కప్పు అంచుకు అతుక్కుపోయింది. కిటికీ కర్టెను రింగులు రెండు ఊడిపోయి గుడ్డ వేలాడుతోంది. దాన్ని సరిచేయడానికి తెచ్చుకున్నాడేమో, సొరుగులో సూదీ దారం కనబడ్డాయి. గోలీ ఆ సొరుగు మూసేశాడు.

నెమలి వచ్చింది. నీలంరంగు కోటు, దాని కాలరుకు పసుపు రాయి పొదిగిన బ్రోచి. గుమ్మం దగ్గర సెక్యూరిటీ ఆపి, లోహపు వస్తువులన్నీ ట్రేలో పెట్టమన్నాడు. ఆమె కోటు విప్పి ట్రేలో పడేసి లోపలికి వచ్చి తలుపు వేసింది.

"సంకేతం?" అన్నాడు గోలీ.

"ఆఫ్‌సైడు."

"జెండా ఎవరు ఎత్తారు?"

"ఎవరూ ఎత్తలేదు, అదే బాధ." జవాబు సరైనదే. ఆమె కూర్చోలేదు. "ఆ బ్రోచిలో మైకుంది. నేను మాట్లాడే ప్రతి మాటా కోచ్ చెవిలో పడుతుంది. ఆయనకు మన భాష రాదు, చెవిలో అనువాదం చేసే యంత్రం పెట్టుకుంటాడు. అదొక తద్దినం. నిన్న 'మేం భోజనానికి వెళ్తున్నాం' అన్నాను. ఆయన కూడా లేచి మా వెనకే వచ్చేశాడు. ఆ యంత్రానికి మనమైనా మేమైనా ఒకటే. చేసేదేముంది, బిల్లు నేనే కట్టాను."

గోలీ నవ్వలేదు. మఫ్లరు సంగతి అడిగాడు. ఆమె చెయ్యి మెడ మీదికి వెళ్ళింది. ఆ మఫ్లరు తనదేనని, నిన్న తన కుర్చీ మీంచి ఎవరో తీసుకెళ్ళారని చెప్పింది. నమ్మమని బతిమాలలేదు. ఎవరి స్థానంలో హంతకుడు వెళ్తున్నాడో తనకూ చెప్పలేదట. తెలిసిన వెంటనే చెబుతుందట.

"ఎలా? వాళ్ళు వింటూ ఉంటారుగా."

ఆమె నోరు తెరిచేలోపే సెక్యూరిటీ తలుపు తట్టాడు. ఆమె కోటు వేసుకుని, బ్రోచి సర్దుకుని, ఇంకో మనిషిలా నవ్వుతూ వెళ్ళిపోయింది. వాళ్ళ టూర్స్ ఆఫీసు అదే భవనంలో, సరిగ్గా వీసా ఆఫీసు కింది అంతస్తులో ఉంది.

*

మధ్యాహ్నానికి గోలీ ముందున్న స్క్రీన్ మీద ఎయిర్‌పోర్టు కెమెరాల దృశ్యాలు కదులుతున్నాయి. అభిమానులంతా ముఖాలకు పసుపు, నీలం పూసుకున్నారు. అన్నదమ్ములైనా ఒకరినొకరు గుర్తుపట్టలేరు. బూరలు, జెండాలు, ఈలలు. రంగు కడుక్కోమంటే ముఠాకు అర్థమైపోతుంది. ముఠా మనిషి ఒకడు ఎయిర్‌పోర్టులో ఎక్కడో కాపలా ఉన్నాడు. చిన్న తేడా కనబడినా కోచ్‌కు కబురు వెళ్తుంది. కబురు వెళ్తే ఇక్కడ ఒకడి ప్రాణం పోతుంది.

అప్పుడే ఇంటి నుంచి ఫోను.

"ఏవండీ, తమ్ముడు ఫోనెత్తడం లేదు" అంది భార్య. "పొద్దున బయల్దేరేముందు చేస్తానన్నాడు. చేయలేదు. ఇప్పుడు ఒకటే మోత మోగుతోంది, ఎత్తడు."

ఎయిర్‌పోర్టు గోలలో వినబడి ఉండదన్నాడు గోలీ.

"వాడికా? నేను ఫోన్ చేస్తే స్నానంలో ఉన్నా ఎత్తుతాడండీ."

నిజమే. తల్లి పోయాక ఆ పిల్లవాణ్ణి ఎత్తుకుని పెంచింది ఆవిడే. తమ్ముడనే పేరే గాని కొడుకు కిందే లెక్క. గ్యాలరీలో వాడు డ్రమ్ము వాయిస్తాడు కాబట్టి అభిమానులందరికీ వాడు 'డ్రమ్ము'. వీసా కోసం కాస్త పలుకుబడి వాడమని నెల్లాళ్ళ క్రితం బావను అడిగాడు. తూనికలవాడికి పలుకుబడేమిటని గోలీ తప్పించుకున్నాడు. డ్రమ్ము నొచ్చుకోకుండా నవ్వేసి, తనంతట తానే ఒక టూర్స్ కంపెనీని వెతుక్కున్నాడు.

ఫోను పెట్టేసి గోలీ స్క్రీన్ వైపు చూశాడు. రంగు ముఖాల వరస బోర్డింగు గేటులోంచి వెళ్తోంది. అందరూ పాడుతున్నారు. వాళ్ళ మధ్య ఒకడు. డ్రమ్ము గ్రూపు చొక్కా, మెడలో వేలాడే డ్రమ్ము, దాని అంచున అక్క చేతులతో కుట్టిన ఎర్ర గుడ్డ అంచు. పుల్లలు చేతిలోనే ఉన్నాయి, కదలడం లేదు.

గోలీ స్క్రీన్ దగ్గరికి వంగాడు. పుల్లలు దొరికితే బావమరిది ఊరుకోలేడు. అన్నం దగ్గర కంచం మీద వాయిస్తాడు. పెళ్ళిచూపుల్లో కుర్చీ చేతి మీద వాయించి సంబంధం చెడగొట్టుకున్నాడు. చుట్టూ అంతమంది పాడుతుంటే పుల్లలు అలా పట్టుకుని నడిచేవాడు వాడు కాదు.

ఎయిర్‌పోర్టు టవరులో ఉన్న పెద్దాయనకు ఫోన్ చేశాడు. డ్రమ్ము పేరుతో వేరేవాడు ఎక్కుతున్నాడన్నాడు.

"వాళ్ళు పట్టుకుంది నీ బావమరిదినేనని ఖాయమా?"

"డెబ్బై శాతం."

"విమానం రన్‌వే మీదికి వెళ్ళేదాకా ఆగుతాను. ఆ తర్వాత నువ్వు చెప్పినా చెప్పకపోయినా ఆపేస్తాను. అది గాల్లోకి లేస్తే మన చేతుల్లో ఏమీ ఉండదు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "వాణ్ణి ఎక్కడ దాచారో కనుక్కో."

ఊరంతా ఉంది దాచడానికి. గోడౌన్లు, లాడ్జీలు, వ్యాన్లు. స్క్రీన్ మీద విమానం తలుపు మూస్తున్నారు. ఇంటికి వెళ్ళి భార్య ముందు ఏం మొహం పెట్టుకుని నిలబడాలి? చెప్పుల స్టాండు పక్కన, తమ్ముడు తిరిగొచ్చేసరికి ఉండాలని ఆవిడ నిన్ననే ఉతికి ఆరేసిన వాడి కాన్వాసు బూట్లు ఉన్నాయి. గోలీ ఆలోచన ఆ బూట్ల దగ్గర ఆగిపోయింది. తల విదిలించి ఫోనందుకున్నాడు. మిగిలింది ఒక్క దారే. అది మనదో వాళ్ళదో ఇంకా తేలలేదు.

టూర్స్ ఆఫీసు ల్యాండ్‌లైనుకు చేశాడు. నెమలి ఎత్తింది. ఆమె వెనక ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు.

"వీసా ఆఫీసు నుంచి" అన్నాడు, వీలైనంత విసుగ్గా. "వాయిద్యాలకు విడిగా పర్మిషన్ ఉండాలి. మీ గ్రూపులో డ్రమ్ము ఉందటగా. ఎక్కించారా?"

"మా డ్రమ్ము ఎక్కేసింది సార్" అంది నెమలి. "మన డ్రమ్ము ఇక్కడే ఉంది."

మగగొంతు ఒకటి పరాయి భాషలో ఏదో గద్దించింది. ఆమె అదే భాషలో నవ్వుతూ జవాబిచ్చి, మళ్ళీ ఫోనులోకి వచ్చింది. "అదేం లేదు సార్. రెండు డ్రమ్ములు. ఒకటి బరువెక్కువైందని వదిలేశాం. విమానం వెళ్ళగానే దాన్నీ పంపించేస్తారట."

ఫోను పెట్టేసిన చప్పుడు.

గోలీ రిసీవరు చెవికి ఆనించుకుని అలాగే ఉండిపోయాడు. కోచ్ చెవిలోని యంత్రం రెంటినీ ఒకే మాటగా చెప్పి ఉంటుంది. మా ఇంటికి రండి అంటే పిలుపు, మన ఇంటికి రండి అంటే చుట్టరికం. ఆ తేడా దానికి తెలియదు. 'మా డ్రమ్ము' అంటే ముఠావాడు, విమానంలో ఉన్నాడు. 'మన డ్రమ్ము' అంటే ఆమెకూ గోలీకీ కలిపి కావలసినవాడు, ఇక్కడే, ఈ నేల కింద ఉన్నాడు. ఆమె ఎవరి మనిషో కూడా ఆ ఒక్క అక్షరంలోనే చెప్పేసింది.

అదే వల కూడా కావచ్చు. నమ్మడానికి ఆధారం ఏముంది? ఏమీ లేదు. అయినా గోలీ స్టాంపు జేబులో వేసుకుని లేచాడు.

*

మెట్లు దిగుతూ పెద్దాయనకు తన ఉపాయం చెప్పాడు. డ్రమ్ము నంబరుకు వీసా ఆఫీసు పేరుతో ఫోను చేయాలి. ఆ ఫోను నడుస్తున్నంతసేపు ముఠావాళ్ళు డ్రమ్ము నోటి గుడ్డ తీయాలి, వాడి ప్రాణాన్ని కనిపెట్టుకుని ఉండాలి. అందరి కళ్ళూ ఫోను మీదే ఉంటాయి. ఆ కాసేపు చాలు.

"ఎవరు మాట్లాడాలి?" అడిగాడు పెద్దాయన.

"మీరే సార్. ఇంకొకరిని వెతికే టైము లేదు."

"ఏం అడగాలి?"

"ఫుట్‌బాల్ గురించి ఏదైనా."

ముప్ఫై ఏళ్ళ సర్వీసులో పెద్దాయన ఎన్నోసార్లు ఇంటరాగేట్ చేశాడు. మర్యాదగా చేయడం ఇదే మొదలు.

టూర్స్ ఆఫీసు గాజు తలుపు వెనక మూడు అట్ట మనుషులు, ఆటగాళ్ళవి, నవ్వుతూ నిలబడ్డారు. ముందు గదిలో కాపలావాడొకడు. లోపలి గది తలుపు ఓరగా ఉంది. గోలీ ఫైలు చంకలో పెట్టుకుని, డ్రమ్ము పర్మిషన్ మీద మేనేజరు సంతకం కావాలని గొణిగాడు. లోపల ఫోను మోగింది.

స్పీకరులో పెద్దాయన గొంతు వినబడింది. "నమస్కారం అండి. వీసా విభాగం నుంచండి. మీ గొంతు ధ్రువీకరణ కోసం చిన్న ప్రశ్నలండి. మీకు ఇష్టమైన ఆటగాడు ఎవరండి?"

గోలీకి జాలేసింది. ఆ మనిషి నోట్లోంచి అన్ని 'అండి'లు రావడం అతను ఎన్నడూ వినలేదు.

లోపల బొంగురు గొంతు జవాబు చెప్పింది. "ఒక్కరని చెప్పలేనండీ." డ్రమ్ము గొంతే. బతికే ఉన్నాడు.

నెమలి బయటికి వచ్చింది. గోలీని చూసింది. కాపలావాడిని చూసింది. బ్రోచి మెరిసింది.

"సంతకమేగా" అంది. "మనం లోపలికి వెళ్దాం పదండి."

మేం కాదు, మనం. గోలీకి అది చాలు. కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టేలోపు నెమలి షెల్ఫు మీది ఇత్తడి ట్రోఫీ అందుకుని వాడి చెవి వెనక ఒక్కటి వేసింది. వాడు అట్ట మనుషుల మీద పడ్డాడు. ముగ్గురు ఆటగాళ్ళూ కలిసి కూలారు.

లోపల కోచ్ ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చేత్తో కుర్చీకి కట్టేసిన డ్రమ్ము కణతకు తుపాకీ ఆనించి ఉన్నాడు. చప్పుడుకు తుపాకీ గుమ్మం వైపు తిరిగింది. గోలీ గుమ్మంలో నిలబడిపోయాడు. కదల్లేదు. కోచ్ భుజం చూశాడు, మోచెయ్యి చూశాడు, వేలు చూశాడు. వేలు బిగుసుకుంది. అప్పుడు ఎడమవైపుకు ఎగిరాడు.

గుండు తలుపు చట్రంలో దిగింది. గోలీ బల్ల మీదుగా జారి, కోచ్ మీద పడి, స్టాంపు అందిన చోట బలంగా నొక్కాడు. అది నుదురు. కోచ్ ఏదో అనబోయి, మధ్యలో మరిచిపోయినవాడిలా కళ్ళు మూశాడు.

"హలో" అంటోంది స్పీకరు. మర్యాద ఎగిరిపోయింది. "హలో. ఎవరు కాల్చారు? గోలీ? విమానం రన్‌వే చివర తిరుగుతోంది. మాట్లాడు."

గోలీకి ఊపిరి అందడం లేదు. పడ్డప్పుడు పక్కటెముక ఎక్కడో కలుక్కుమంది. నోరు తెరిస్తే మాట రాలేదు. ఫోనులో విమానం ఇంజన్ల హోరు పెరుగుతోంది. నెమలి వంగి ఫోను అందుకుంది.

"గోలు కాలేదు" అంది. డిపార్ట్‌మెంటులో ఆపమనడానికి అదే సంకేతం. "మనవాడు క్షేమం. ఆపేయండి."

పెద్దాయన ఆ గొంతు ఎవరిదని అడగలేదు. 'మనవాడు' అన్న మాట ఆయనకూ సరిపోయింది. చక్రాలు నేల వదలబోతూ ఆగిపోయాయి. లోపల జెండాలూ బూరలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కమాండోలు ఎక్కేసరికి అంతటా పసుపు, నీలం ముఖాలే. వాళ్ళు ఎవరి ముఖమూ కడగలేదు. డ్రమ్మున్నవాణ్ణి లేపి, వాయించమన్నారు. రెండు దెబ్బలకే విమానంలో ఉన్న అభిమానులంతా ఒక్క గొంతుతో, వీడు మావాడు కాదన్నారు.

ఇక్కడ గోలీ కట్లు విప్పుతుంటే బావమరిది అతని ముఖంలోకి చూశాడు. మీసం సగం ఊడి పెదవి మీద వేలాడుతోంది.

"బావా" అన్నాడు మెల్లగా. "నువ్వు తూనికల శాఖ కదా."

"అవును. నోరు మూసుకో."

విడిపించిన రెండు చేతులతో వాడు బావను పట్టుకున్నాడు. ఏడుస్తూనే వాడి వేళ్ళు గోలీ వీపు మీద ఏదో దరువు వేశాయి. విరిగిన పక్కటెముక భగ్గుమంది. గోలీ వద్దనలేదు.

*

టూర్స్ కంపెనీవాళ్ళు సామాను తూకంలో మోసం చేస్తుంటే రైడు చేశామని, అడ్డొచ్చిన తమ్ముణ్ణి గదిలో పెట్టి తాళం వేశారని గోలీ భార్యకు చెప్పాడు. ఆవిడ తమ్ముడి మణికట్ల మీది తాడు గీతలు చూసింది, భర్త ఛాతీ కట్టు చూసింది. పెళ్ళయ్యాక మొదటిసారి తూనికల శాఖ అంటే ఆవిడకు గౌరవం కలిగినట్టుంది. కాన్వాసు బూట్లు తెచ్చి తమ్ముడి ముందు పెట్టి, తడి పూర్తిగా ఆరిందో లేదో చేత్తో చూసి, వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ చాలాసేపు కుళాయి చప్పుడు వినబడింది.

నుదుటి మీద 'తిరస్కరించడమైనది' అన్న అక్షరాలు కోచ్‌కు ఇంకా పోలేదట. నెమలి కొత్త పేరుతో కొత్త ఊరికి వెళ్ళింది. బ్రోచి మాత్రం గోలీకి పంపింది, మైకు తీసేసి.

మంత్రి సంతకం చేశాడు. మిగతా మ్యాచులకైనా వెళ్తానని అడిగిన డ్రమ్ముకు ఇంతలో వీసా ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. వాళ్ళ కంప్యూటరు ప్రకారం అతను ఆ విమానమెక్కి దేశం వదిలి వెళ్ళిపోయాడు. ఒకసారి వాడిన పాస్ మళ్ళీ చెల్లదు. కావాలంటే తిరిగి వచ్చాక కొత్తగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. సోఫా చేతి మీద వేళ్ళతో దరువు వేస్తూ వాడు అంతా చదివి, ఆశగా బావ వైపు జరిగాడు.

"అయితే బావా, ఇప్పుడు మన వీసా సంగతేంటి?"

గోలీ పేపరులోంచి తల ఎత్తలేదు.

"మన కాదురా. నీ."